నీల చీకట్లో చూడగలిగిన రోజులు

1996 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి మిల్వాకీ వచ్చేనాటికి లేక్ జెనీవా అనే ఊరు ఒకటుందని నాకు తెలియదు. మిల్వాకీ నుంచి కారులో గంట దూరం. మంచి సరస్సు ఉన్న చిన్న ఊరు, వేసవిలో షికాగో వాళ్లు వచ్చి సేదదీరి వెళ్తారు. ఆ ఊళ్లోనే గ్యారీ గైగాక్స్, ఆయన మిత్రులు కలిసి పెట్టిన టీఎస్ఆర్ అనే బుల్లి సంస్థ, 1974లో చెక్కలా కనిపించే అచ్చు వేసిన పెట్టెలో మూడు పల్చని పుస్తకాలు పెట్టి పది డాలర్లకు అమ్మింది. మొదటి విడతగా వెయ్యి పెట్టెలు, అన్నీ చేత్తో సర్దినవే. ఆటకు గైగాక్స్‌తో పాటు రూపమిచ్చిన డేవ్ ఆర్నెసన్‌ది పక్క రాష్ట్రం మిన్నెసోటా. ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్.

ఆడనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. దీనికి బోర్డు ఉండనవసరం లేదు. గెలుపోటములు లేవు. ఒకరు డంజన్ మాస్టర్‌గా కూర్చుని ఒక లోకాన్ని మాటలతో మన ముందు నిలుపుతారు. మిగతావారు ఆ లోకంలో తలా ఒక పాత్ర అవుతారు. గుహ ముందు నిలబడి లోపలికి వెళ్లాలా, కావలివాడితో మాట్లాడాలా, వెనక్కి తిరగాలా అన్నది మనిష్టం. ఫలితం తేలని చోట పాచిక వేస్తాం. ఆ పాచికలో ఎంత పడితే ఏమవుతుందో చెప్పేది రూల్ బుక్. ఆ పుస్తకాన్ని ప్రచురణకర్తలు కొన్నేళ్లకొకసారి తిరగరాస్తుంటారు. దాన్నే ఎడిషన్ అంటాం. నేను చెప్పబోయేదంతా ఆ తిరగరాతల గురించే.

మా ల్యాబ్‌లో నా పక్క బల్ల అమ్మాయి ఒక శనివారం సాయంత్రం నన్ను వాళ్ల బృందానికి తీసుకెళ్లింది. ఒక హైస్కూలు చరిత్ర మాస్టారి ఇంటి బేస్‌మెంట్. ఆయనే డంజన్ మాస్టర్. తపాలా శాఖలో పనిచేసే ఒకాయన, పెళ్లయిన ఒక జంట, మా ల్యాబ్ అమ్మాయి, నేను. బయట మంచు కురుస్తుంటే లోపల ఎవరో ఒకరు ఇరవై ముఖాల పాచికను బల్ల మీద దొర్లిస్తుండేవారు. చిన్నప్పుడు మాసపత్రికల్లో జానపద సీరియళ్లు తెగ చదివినదాన్ని. మాంత్రికుడి గుహ, ఒంటికన్ను రాక్షసుడు, కొండచిలువ కాపలా కాసే ధనాగారం నాకు కొత్త కాదు. వచ్చే నెల సంచిక కోసం ఎదురుచూడకుండా తర్వాతి సంఘటన నేనే నిర్ణయించవచ్చన్నదే కొత్త. నాతో గది పంచుకున్న గుంటూరు అక్క, "అర్ధరాత్రి దాకా ఆ నేలమాళిగలో ఏమి చేస్తారే మీరందరూ?" అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెడితే ఆమె వంట ఆపి విన్నది.

నా పాత్ర పేరు నీల. సగం మనిషి, సగం ఎల్ఫ్ (పాశ్చాత్య జానపద కథల్లోని అడవి జాతి). కత్తీ పడుతుంది, మంత్రమూ వేస్తుంది. అప్పుడు మేము ఆడుతున్నది ఏడీ అండ్ డీ (అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్) రెండో ఎడిషన్, 1989లో డేవిడ్ కుక్ నాయకత్వంలో వచ్చింది. దానికి 1995లో నల్ల అట్టలతో వేసిన కొత్త ముద్రణ మా మాస్టారి దగ్గర ఉండేది. ఆ నియమాల్లో సగం ఎల్ఫ్‌కు పూర్తి చీకట్లో అరవై అడుగుల మేర చూసే శక్తి ఉండేది. దివిటీ ఆరిపోయిన క్షణాన అందరూ నా వైపు తిరిగేవారు. "నీలకు ఏమి కనిపిస్తోంది?" అని మాస్టారు అడిగేవారు కాదు, నాకొక్కదానికే చీటీ రాసి ఇచ్చేవారు. ఆ చీటీ చదివి బృందానికి దారి చెప్పడం నా పని. ఇంగ్లిషులో నలుగురి ముందు నోరు విప్పడానికి ఇబ్బంది పడుతున్న కాలంలో, ఆ చీకటి గదుల్లో అందరూ నా మాట కోసం ఆగేవారు. నాకు ఆ ఆట మీద ఇంత ప్రేమ ఎందుకని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను.

రెండో ఎడిషన్ నియమాలు గజిబిజిగా ఉండేవి, ఒప్పుకోవాలి. కవచం ఎంత గట్టిదైతే దాని అంకె అంత తగ్గేది. శత్రువు కవచపు అంకె సున్నా అయితే దెబ్బ తగలడానికి పాచికలో ఎంత పడాలో ముందే రాసుకునేవాళ్లం. దానిపేరు థాకో. నీలకు అది 16 అయితే, కవచం 5 ఉన్నవాడిని కొట్టడానికి 11 పడాలి. దొంగ గోడ ఎక్కడానికి వంద శాతంలో లెక్క, తలుపు బద్దలు కొట్టడానికి వేరే పాచిక. మరుగుజ్జులు మాంత్రికులు కాకూడదు. మనిషి కానివారు ఒక స్థాయి దాటి ఎదగకూడదు. ఎందుకని అడిగితే మాస్టారు గైగాక్స్ కాలం నుంచి మొదలుపెట్టి చెప్పేవారు. ఆయన చరిత్ర పాఠం ఆ బేస్‌మెంట్‌లోనూ ఆగేది కాదు, మేమూ ఆపేవాళ్లం కాదు.

ఒక నియమం మారితే లోకంలో ఏమవుతుందో నాకు మొదట తెలిసింది ఆయన వల్లనే. 1980లలో అమెరికాలో కొందరు తల్లిదండ్రులు, మత సంఘాలు ఈ ఆట పిల్లల్ని దయ్యాల పూజకు తీసుకెళ్తుందని గొడవ చేశారు. దాంతో రెండో ఎడిషన్ రాసేటప్పుడు దయ్యాల పేర్లు తీసేశారు. హంతకుడు అనే వృత్తినీ తీసేశారు. పుస్తకం నుంచి తీసేస్తే సరిపోలేదు. ఫర్గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత లోకంలో దేవుళ్లు నేల మీదికి దిగి కొట్టుకున్న కథ ఒకటి రాసి, అందులో హంతకులందరూ చచ్చిపోయినట్టు చూపించారు. కాగితం మీద ఒక వృత్తిని కొట్టేయడానికి ఒక లోకంలో అంతమందిని చంపారు. ఆ నిర్ణయం పిరికిదని మాస్టారు అనేవారు. నాకూ అలాగే అనిపించింది. దయ్యాలు రెండేళ్లకే వేరే పేర్లతో తిరిగొచ్చాయి కూడా.

1997లో టీఎస్ఆర్ అప్పుల్లో మునిగింది. ముద్రణ ఆగిపోయి కొన్ని నెలలు దుకాణాలకు కొత్త పుస్తకం ఒక్కటీ రాలేదు. చివరికి సియాటిల్ దగ్గరి విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే ఆటల సంస్థ దాన్ని కొన్నది. రెండేళ్లకు ఆ విజార్డ్స్‌ను హాస్‌బ్రో అనే పెద్ద బొమ్మల సంస్థ కొన్నది. నాకప్పుడు చదువు అయిపోయి అదే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. బృందం కోసమే మిల్వాకీలో ఉండిపోయానని అమ్మకు చెప్పలేదు కానీ, అది కూడా ఒక కారణం.

2000 ఆగస్టులో మూడో ఎడిషన్ మా ఊళ్లోనే విడుదలైంది. 1968లో లేక్ జెనీవాలోని హార్టికల్చరల్ హాల్‌లో గైగాక్స్ మొదలుపెట్టిన జెన్ కాన్ అనే ఆటల వేడుక అప్పటికి పదిహేనేళ్లుగా మిల్వాకీలో జరుగుతోంది. జొనాథన్ ట్వీట్, మాంటే కుక్, స్కిప్ విలియమ్స్ రాసిన ఆటగాళ్ల పుస్తకం 19.95 డాలర్లు. వరుసలో నిలబడి కొన్నాను, బస్సులోనే చదవడం మొదలుపెట్టాను. ఎంత చక్కగా సర్దారో! థాకో పోయింది. ఏ పని చేసినా ఇరవై ముఖాల పాచిక వేయాలి, బలాన్ని కలపాలి, లక్ష్యపు అంకెను అందుకోవాలి లేదా దాటాలి. కవచం గట్టిదైతే అంకె పెరుగుతుంది. మరుగుజ్జులు మంత్రాలు నేర్చుకోవచ్చు. ఎవరి ఎదుగుదలకూ హద్దు లేదు. కొత్తగా చేరినవారికి అరగంటలో నేర్పగలిగాం.

కానీ నీల చూపు పోయింది. కొత్త పుస్తకంలో సగం ఎల్ఫ్ మసక వెలుతురులో మనిషి కన్నా రెట్టింపు దూరం చూస్తుంది, అంతే. దివిటీ కూడా లేని చీకట్లో ఆమె అందరిలాగే గుడ్డిది. ఎల్ఫ్‌లు అల్లిన గొలుసు కవచం తొడుక్కుని అడ్డూ ఆపూ లేకుండా మంత్రం వేసేది కదా, ఇప్పుడు అదే కవచంలో మంత్రం బెడిసికొట్టే శాతం ఒకటి వచ్చి చేరింది. పాత పాత్రలను కొత్త నియమాల్లోకి మార్చుకోవడానికి ప్రచురణకర్తలు ఒక చిన్న పుస్తకం ఉచితంగా ఇచ్చారు, అది మెచ్చుకోవలసిన పని. దాని ప్రకారం నీలను మార్చి రాసుకున్నాను. లెక్క కుదిరింది, నీల కుదరలేదు. మాస్టారు నా ముఖం చూసి, "మన బల్ల దగ్గర ఆమె చూస్తుంది" అన్నారు. మిగతా నియమాలన్నీ కొత్త పుస్తకంలోవి, ఆ ఒక్క చూపు మాత్రం పాతది. అలా ఆడాం.

ఆ ఏడాది ఇంకో నిర్ణయం జరిగింది. నా దృష్టిలో ఈ ఆట చరిత్రలోనే అది అన్నిటికన్నా గొప్పది. ఆట వ్యవహారాలు చూసే రయాన్ డాన్సీ చొరవతో విజార్డ్స్ సంస్థ ఆట మూలనియమాలను ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద విడుదల చేసింది. ఎవరైనా వాటిని వాడుకుని సొంత సాహసకథలు, సొంత ఆటలు రాసి అమ్ముకోవచ్చు, రుసుము కట్టనక్కరలేదు. టీఎస్ఆర్ కాలంలో అభిమానులు రాసినవాటి మీద లాయర్ల నోటీసులు వెళ్లేవి. అలాంటి చోట తలుపు తెరిచారు. అప్పట్లో దాని విలువ నాకు పూర్తిగా తెలియలేదు. చిన్న చిన్న సంస్థల పుస్తకాలతో దుకాణం గోడ నిండిపోవడం మాత్రం చూశాను.

మూడేళ్లకే, 2003 జూలైలో మూడో ఎడిషన్‌కు సవరించిన రూపం, 3.5, వచ్చింది. ఆటగాళ్ల పుస్తకం 29.95 డాలర్లు అయింది. సవరింపు ఎప్పటికైనా రావాలని ముందే అనుకున్నారట, అయితే అనుకున్నదానికన్నా త్వరగా తెచ్చారని మాంటే కుక్ తర్వాత రాశారు. మార్పులు చిన్నవే, అదే చిక్కు. నీల ఇష్టంగా వాడే వేగమంత్రం పాత పుస్తకంలో ఒకే వంతులో రెండు మంత్రాలు వేయనిచ్చేది. కొత్తదానిలో ఒక అదనపు కత్తివేటుతో సరి. ఏది ఏ పుస్తకంలోదో ఎవరికీ గుర్తుండేది కాదు. నేను వెళ్లే దుకాణంలో చిన్న సంస్థల పుస్తకాలు ఒక్కసారిగా పాతబడి, సగం ధరకు పెట్టినా కదలక పెట్టెల్లోకి వెళ్లాయి. వాటిలో బాగా రాసినవి చాలా ఉన్నాయి. నాకు ఇప్పటికీ వాటి మీద జాలి.

2008 మార్చి 4న గైగాక్స్ లేక్ జెనీవాలోనే కన్నుమూశారు. ఆ శనివారం మేము కొత్త ఆట ఏదీ ఆడలేదు. మాస్టారు తన మొదటి పుస్తకాలు తీసి, అందులోని ఒక గుహలోకి మమ్మల్ని తీసుకెళ్లారు. జూన్‌లో నాలుగో ఎడిషన్ వచ్చింది.

నాలుగో ఎడిషన్ గురించి చాలామంది కోపంగా మాట్లాడతారు. నాకు అందులో నచ్చినవి ఉన్నాయి. అంతకుముందు పెద్ద స్థాయిల్లో మాంత్రికుడు కొండలు పిండి చేస్తుంటే యోధుడు కత్తి ఊపుతూ నిలబడేవాడు. ఇందులో యోధుడికీ చేయడానికి చాలా దొరికింది. ఎప్పుడైనా వాడే విద్యలు, పోరాటానికొకసారి వాడేవి, రోజుకొకసారి వాడేవి అని అందరికీ ఒకే చట్రం పెట్టారు. గళ్ల మీద బొమ్మలు జరుపుతూ ఆడే పోరాటాలు నిజంగా బాగుండేవి. కానీ తపాలా శాఖాయన ఏళ్ల తరబడి ఆడుతున్నది గ్నోమ్ అనే పొట్టి జాతి మాయావిని. మొదటి ఆటగాళ్ల పుస్తకంలో గ్నోమ్‌లే లేరు. మరుసటి ఏడాది రెండో పుస్తకంలో వస్తారని చెప్పారు. ఆయన ఆ ఏడాది ఆగలేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ లోకానికి తగిలింది. మా కథ నడిచేది ఫర్గాటెన్ రెల్మ్స్‌లోనే. కొత్త నియమాలకు తగ్గట్టు ప్రచురణకర్తలు ఆ లోకాన్ని ఒక మంత్రవిపత్తుతో కుదిపి దాదాపు వందేళ్లు ముందుకు జరిపారు. దేశాలు మాయమయ్యాయి, దేవతలు చచ్చిపోయారు. మేము పన్నెండేళ్లుగా తిరిగిన ఊళ్లలో మాకు తెలిసిన సత్రం యజమాని, మాకు అప్పిచ్చిన కమ్మరి, నీల పెంచిన అనాథ పిల్ల, అందరూ ఆ లెక్కన ఎప్పుడో పోయినవాళ్లే. పుస్తకాన్ని పట్టించుకోకుండా ఆడుకోవచ్చు కదా అంటారు. ఆడుకోవచ్చు. కానీ ఇక మీదట వచ్చే పటాలు, కథలు, సాహసాలు ఏవీ మన లోకానివి కావు.

అక్కడితో బృందం మూడు ముక్కలైంది. ఆ జంట నాలుగో ఎడిషన్‌కు వెళ్లింది. తపాలా శాఖాయన, మా ల్యాబ్ స్నేహితురాలు 2009 ఆగస్టులో పైజో సంస్థ తెచ్చిన పాత్‌ఫైండర్‌కు వెళ్లారు. ఓపెన్ గేమ్ లైసెన్స్ ఉండబట్టే కదా పైజో 3.5 నియమాలను సవరించి సొంత ఆటగా వేయగలిగింది! ఒక సంస్థ వదిలేసిన ఎడిషన్‌ను ఇంకో సంస్థ బతికించింది. మాస్టారు రెండో ఎడిషన్‌కు వెనక్కి వెళ్లారు. నేను కొన్నాళ్లు అన్ని చోట్లకూ తిరిగాను. ఎవరిమీదా ఎవరికీ కోపం లేదు. అయినా అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చున్న శనివారం మళ్లీ రాలేదు.

ఆ 2009 ఏప్రిల్‌లోనే, దొంగ ప్రతులను ఆపాలన్న కారణం చెప్పి, విజార్డ్స్ తన పాత, కొత్త పుస్తకాల పీడీఎఫ్‌లన్నిటినీ ఒక్క రోజులో అమ్మకం నుంచి తీసేసింది. 1970ల నాటి పుస్తకాలతో సహా. 2013లో మళ్లీ అమ్మకానికి పెట్టారు. కొత్త ఎడిషన్ తేవడం నాకెప్పుడూ తప్పనిపించలేదు. పుస్తకాలు అమ్ముడుపోకపోతే ఆ రాసేవాళ్లకు జీతాలు రావు. పాతదాన్ని దొరకకుండా చేయడం మాత్రం తప్పే. మా మాస్టారి లాంటివారు కొత్తది కొననందుకు శిక్ష లాంటిది అది.

ఇంకో తీరుగానూ నడపవచ్చు. 1981లో కేయాసియం సంస్థ తెచ్చిన ఇలాంటిదే ఇంకో ఆట, కాల్ ఆఫ్ కథుల్హు, చూడండి. మాస్టారు ప్రతి అక్టోబరులోనూ మాతో దాన్ని ఆడించేవారు. ఆరు ఎడిషన్ల దాకా అందులో అసలు నియమాలు పెద్దగా కదలలేదు. 2014లో ఏడో ఎడిషన్‌లో కాస్త గట్టిగా మార్చారు. పాత్ర బలాబలాలను శాతాల్లోకి తెచ్చారు. అయినా పాత అంకెను 5తో గుణిస్తే చాలు, ముప్పై ఏళ్ల నాటి కథ కొత్త పుస్తకంతో నడుస్తుంది. కొన్నవారి అలమారను గౌరవించడమంటే ఇది.

2012లో ఐదో ఎడిషన్ కోసం విజార్డ్స్ బహిరంగంగా పరీక్షలు మొదలుపెట్టింది. లక్షా డెబ్బై ఐదు వేల మందికి పైగా ఆడి అభిప్రాయాలు పంపారు. వారిలో నేనూ ఉన్నాను. ప్రతి ప్రశ్నావళిలోనూ నీల గురించి రాశాను. 2014 ఆగస్టులో ఆటగాళ్ల పుస్తకం చేతికొచ్చింది. నేరుగా సగం ఎల్ఫ్ పేజీ తీశాను. చీకట్లో అరవై అడుగుల చూపు. పద్నాలుగేళ్ల తర్వాత అచ్చులో ఆ వాక్యం చూసి మాస్టారికి ఫోను చేశాను. "మన దగ్గర ఎప్పుడు పోయింది కనుక?" అన్నారు ఆయన.

మా అమ్మాయి హైస్కూల్లో చేరేసరికి ఆట నా తరానిది కాకుండా పోయింది. తన స్నేహితులంతా ఆడుతున్నారు. నా చేత పాచికలు కొనిపించింది. 2023 జనవరిలో ఒక రాత్రి నా గదిలోకి వచ్చి, "అమ్మా, ఆ లైసెన్స్ రద్దు చేస్తారట, నువ్వు చెప్పేదానివే, అదే" అన్నది. బయటికి పొక్కిన కొత్త ముసాయిదాలో పాత లైసెన్స్ ఇక చెల్లదని, ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన రాబడి మీద 25 శాతం దాకా వాటా కట్టాలని ఉంది. ఇరవై మూడేళ్లుగా ఆ లైసెన్స్ నమ్మి బతికిన రచయితలు, చిత్రకారులు ఎందరో. మా అమ్మాయి స్నేహితులు కూడబలుక్కుని ఆట వెబ్‌సైట్‌కు కట్టే చందాలు మానుకున్నారు. దేశమంతటా అలాగే జరిగింది. మెత్తబరిచిన రెండో ముసాయిదా మీద సంస్థ అభిప్రాయాలు అడిగితే 15,000 మందికి పైగా రాశారు, 88 శాతం మంది దాని కింద ప్రచురించబోమన్నారు. జనవరి 27న సంస్థ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ మూలనియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ అనే, ఎవరైనా వాడుకోనిచ్చే బహిరంగ లైసెన్స్ కింద పెట్టేసింది. దాన్ని ఇక ఎవరూ వెనక్కి తీసుకోలేరు. సంస్థ చేతులు మారినా తీసుకోలేరు. ఆ రోజు నేను, మా అమ్మాయి కలిసి ఆ పత్రం దించుకుని, ముందు సగం ఎల్ఫ్ ఉన్నదో లేదో చూశాం. ఉన్నది.

అది చూడటం మంచిదైంది. 2024 సెప్టెంబరులో వచ్చిన కొత్త ఆటగాళ్ల పుస్తకంలో సగం ఎల్ఫ్ వేరే జాతిగా లేదు. పాత పుస్తకంలోని జాతిని కొత్త నియమాలతో వాడుకోవచ్చని చెప్పారు. తీసేయడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, నేను వాటిని కొట్టిపారేయను. మా అమ్మాయి బల్ల దగ్గర రెండు పుస్తకాలూ తెరిచి ఉంటాయి, ఇద్దరు దీని నుంచి, ముగ్గురు దాని నుంచి ఆడుతున్నారు. మాస్టారు పదవీ విరమణ చేసి, ఇప్పటికీ నల్ల అట్టల రెండో ఎడిషన్‌తోనే కొత్త పిల్లలకు థాకో నేర్పుతున్నారు.

నేను కిందటేడు నుంచి ఆ క్రియేటివ్ కామన్స్ పత్రాన్ని తెలుగులో రాస్తున్నాను. గుంటూరులో మా అన్నయ్య కూతురు ఇంటర్ చదువుతోంది, తన చుట్టుపక్కల పిల్లలతో ఆడాలని దానికి పట్టుదల. ఎవరినీ అనుమతి అడగనక్కరలేదు, మూలం ఎక్కడిదో పేర్కొంటే చాలు. జాతులు, వృత్తులు అయిపోయాయి. మూడు వందలకు పైగా ఉన్న మంత్రాల్లో సగం దాకా వచ్చాను. మొన్న వీడియో కాల్‌లో, "అత్తా, మంత్రాలన్నీ అయ్యేదాకా ఆగాలా? మొదటి స్థాయివి చాలు కదా, ఈ ఆదివారం మొదలుపెడతాం" అన్నది. మొదటి స్థాయి మంత్రాలు విడిగా అచ్చు తీసి ఆ రాత్రే పంపాను.